డబ్బా మీద నీలం గీత

మా పిండి మిల్లులో వరసలో మనుషులు నిలబడరు, డబ్బాలు నిలబడతాయి. మా మామగారు మిల్లు పెట్టిన నాటి నుంచీ అంతే. కోలారు బంగారు గని కార్మికుల ఇళ్లలో ఆడవాళ్లకు గంటలకొద్దీ పడిగాపులు పడే తీరిక ఎక్కడిది? పొద్దున్నే వచ్చి రాగుల డబ్బా వరసలో పెట్టి పోయేవాళ్లు. నీళ్లు పట్టుకుని, వంట చేసుకుని తిరిగొచ్చేసరికి పిండి సిద్ధంగా ఉండేది. ఏ డబ్బా ఎవరిదో అడగనక్కర్లేదు. ఒకరిది సొట్టపోయిన నూనె డబ్బా, ఒకరిది మూత లేని బిస్కెట్ల డబ్బా, ఒకరిది రంగుల బకెట్టు. గనులు మూతపడ్డాయి. ఊళ్లో సగంమంది తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరికి పనికిపోయే బతుకులో పడ్డారు. మా ఆయన పోయి మిల్లు నా చేతికి వచ్చింది. డబ్బాల వరస మాత్రం అలాగే ఉంది.

ఆ వరసకు ఒక పద్ధతి కూడా ఉంది. మిషన్ని ఎంత దులిపినా ఒక పిడికెడు పిండి రాళ్ల మధ్య మిగిలిపోతుంది. అది తర్వాతి వాళ్ల పిండిలో కలుస్తుంది. అందుకని పెరటాసి నెల శనివారాల్లో దేవుడికి పెట్టే పిండిదీపానికి బియ్యం ఆడించేవాళ్లు అందరికన్నా ముందు. తర్వాత రాగులు, గోధుమలు. మిరపకాయలు అన్నిటికన్నా ఆఖరు, ఆ తర్వాత తవుడు పోసి తిప్పి రాళ్లు శుభ్రం చేసేదాన్ని. ఏమరుపాటున ముందు ఆడేస్తే, ఆ వెనక వచ్చిన ఇల్లాలు మర్నాడు నా మీదికి యుద్ధానికి వస్తుంది. అందుకే మిరపకాయల డబ్బాల మీద సుద్దముక్కతో అడ్డంగా ఒక గీత గీసేదాన్ని. గీత ఉంటే ఆఖరుకు అని అర్థం. అది నాకు తప్ప ఎవరికీ పట్టేది కాదు. ఈ మిల్లు పురాణం ఎందుకు చెబుతున్నానంటే, నేను చేసిన తప్పు ఈ అలవాటులోంచే పుట్టింది.

కరోనా మొదటి లాక్‌డౌన్‌లో కిరాణా కొట్లు తెరవచ్చన్నారు, పాల బూత్‌లు తెరవచ్చన్నారు. పిండి మిల్లు సంగతి ఎవరూ అనలేదు. అననిదాన్ని తెరిస్తే పోలీసులు ఊరుకుంటారా? తాళం వేసి కూర్చున్నాను. ఇంతలో రేషన్ షాపుల్లో రెండు నెలల బియ్యం, రాగులు ఒకేసారి ఉచితంగా ఇచ్చారు. ఇచ్చినవాళ్లను నేనేమీ అనను, ఆ వేళకు అదే పెద్ద ఆదరువు. కానీ రాగుల్ని రాగులుగా ఎవరు తింటారు? ప్రతి ఇంట్లో సంచీ నిండా గింజలు, ఒక్క ఇంట్లో పిండి లేదు. అటక మీంచి విసుర్రాళ్లు దించినవాళ్లు అరచేతులు బొబ్బలెక్కి రెండో రోజుకే మళ్లీ అటకెక్కించారు. మా పెరటి తలుపు దగ్గరికి ఒక్కొక్కరే వచ్చి గొంతు తగ్గించి అడిగేవాళ్లు.

“ఒక్క శేరన్నా ఆడియ్యమ్మా, పిలకాయలు దినామూ అన్నం తినలేమని ఏడస్తా ఉండారు.”

“యాడ ఆడేది? మిషను శబ్దం స్టేషను దాకా వినిపిస్తాది. నన్ను లోపలేస్తే నువ్వొచ్చి విడిపిస్తావా?” అని కసిరేదాన్ని. కసిరినందుకు ఆ పూటంతా నాకే అన్నం సహించేది కాదు.

నాలుగో రోజు ఇక పట్టలేక పోట్లాడదామనే మున్సిపల్ ఆఫీసుకు వెళ్లాను. అక్కడి హెల్త్ ఇన్‌స్పెక్టరు నాకు ముఖపరిచయం ఉన్న మనిషే, ఏటా లైసెన్సు తనిఖీకి వచ్చేవాడు. వరండాలో బెంచీ మీద చెప్పులు విడిచి కూర్చుని ఉన్నాడు. పాదాలు వాచి ఉన్నాయి. మాస్కు తాళ్లకు చెవుల వెనక ఒరిసిపోయి పుండ్లు పడ్డాయి. ఆయన అవతారం చూడగానే నేను తెచ్చుకున్న కోపంలో సగం దారిలోనే ఎక్కడో పడిపోయినట్టయింది. మిగతా సగంతోనే అడిగాను.

“రాగులిచ్చినారు సరే సార్, పిండి ఎవరిస్తారు?”

“నిజమేనమ్మా. దీన్ని ఎవరూ యోచనే చేయలేదు,” అన్నాడు. “స్వల్ప ఓపిక పట్టండి. నేను పైన మాట్లాడతాను.”

మాట్లాడాడు. మూడో రోజు కాగితం చేతికొచ్చింది. పొద్దున ఏడు నుంచి పదకొండు దాకా మిల్లు తెరవచ్చు. ఆ ఏటి లైసెన్సు రుసుము తర్వాత కట్టుకోవచ్చు. మిల్లు ముందు మనుషులు గుమికూడరాదు, గింజలు పెట్టి వెళ్లిపోవాలి. అది చదివి చాలా రోజుల తర్వాత నవ్వాను. మా మిల్లు దగ్గర మనుషులు నిలబడింది ఎప్పుడు కనక! ఇంకొక షరతు ఉంది. రోగం వచ్చిందని మూసేసిన వీధుల వాళ్ల డబ్బాలు మున్సిపాలిటీ ఊడ్చేవాళ్లు, అదే పౌరకార్మికులు, ఆటోలో తెస్తారు, వాటినీ ఆడివ్వాలి.

“ఆడిస్తాను. వాళ్లవి కూడా కడుపులే కదా,” అన్నాను.

“పేర్లు మాత్రం బయట చెప్పొద్దమ్మా. జనం మంచోళ్లు కాదని కాదు. భయపడి ఉండారు,” అన్నాడు.

సరేనన్నాను. ఈనాటికీ ఎవరి పేరూ చెప్పలేదు.

ఆ రోజుల పనిని తలుచుకుంటే ఇప్పటికీ నడుం పట్టేస్తుంది. సాయానికి వచ్చే మనిషి తన పల్లెలో చిక్కుకుపోయింది. డబ్బాలు ఎత్తడం, తొట్టిలో పోయడం, పిండి రాలే గుడ్డ గొట్టం కింద డబ్బా పట్టడం, మూత పెట్టి వాకిట్లో పేర్చడం, అన్నీ నేనే. మాస్కు లోపల ఊపిరి తేమకు పిండి ముద్దయి మూతికి అంటుకునేది. పదకొండు దాటితే మిషను ఆగాలి. ఆగాక అక్కడే గోడకు చేరగిలబడి, లేచి ఇంట్లోకి పోవడానికి కూడా ఓపిక లేక కూర్చునేదాన్ని. రైలు కూత లేని ఊరు ఎలాగో ఉండేది. అయినా వాకిట్లో ముప్పై నలభై డబ్బాలు ఒకదానికొకటి ఎడంగా నిలబడి ఉంటే, ఏదో ఒకటి సవ్యంగా జరుగుతోంది అనిపించేది. కొంచెం గర్వపడ్డాను కూడా, దాచడమెందుకు.

ఇక నా తప్పు ఎవరి మీద పడిందో ఆమె సంగతి. రైల్వే స్టేషను బయట రాగి అంబలి అమ్మేది. పొద్దుటి రైలుకు పోయేవాళ్లు ఇంట్లో ఏమీ తినకుండా వచ్చి ఆమె దగ్గర ఒక గ్లాసు తాగి పరిగెత్తేవాళ్లు. మజ్జిగ పోసి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ సన్నగా తరిగి వేసేది. నా కన్నా పదేళ్లు చిన్నది. పిండి బరకగా ఉంటే అంబలి గొంతు దిగదని, మిల్లులో నా పక్కనే నిలబడి వేళ్ల మధ్య నలిపి చూసి కానీ కదిలేది కాదు. ఆమె భర్త బెంగళూరులో ఏదో అపార్ట్‌మెంటుకు కాపలా. అక్కడ పని పోయి, టమాటాల లారీలో ఇల్లు చేరాడు. మూడో రోజుకు జ్వరం. పరీక్ష చేసి అతన్ని కోలారు ఆస్పత్రికి తీసుకుపోయారు. వాళ్ల వీధికి రెండు వైపులా వెదుళ్లు కట్టి రేకులు బిగించారు. రైళ్లు లేక ఆమె వ్యాపారం అప్పటికే పోయింది, మొగుడి ఉద్యోగం పోయింది, ఇప్పుడు వీధి కూడా మూతపడింది. మళ్లీ నలుగురు వచ్చి ఆమె చేతి అంబలి తాగితేనే ఆ ఇల్లు నిలబడేది.

ఆ వీధి డబ్బాలు మూడు ఆటోలో వచ్చాయి. ఆమెది పెద్ద చదరపు డబ్బా, రెండు పక్కలా తీగతో చెవులు కట్టినది. పౌరకార్మికులు వాటి మీద మందు చల్లి, తడితడిగా దించి పోయారు. వాటిని ఆఖరుకు ఉంచాలని నాకు తోచింది. వాళ్ల పిడికెడు పిండి ఇంకొకరి డబ్బాలో పడకూడదు, ఎవరూ నా మీదికి రాకూడదు. సుద్దముక్క తీశాను. తడి రేకు మీద సుద్ద నిలవలేదు. మిల్లు తలుపులకు వేయగా మిగిలిన నీలం రంగు మూలన ఉంది. కుంచె ముంచి మూడు డబ్బాల మీదా అడ్డంగా ఒక్కొక్క గీత లాగాను. మిరపకాయల డబ్బా మీద గీసినట్టే. అంతకు మించి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

రెండో రోజు ఒకావిడ డబ్బా దించుతూ అడిగింది. “ఆ నీలం గీత ఏందమ్మా?”

“అవి ఆఖర్లో ఆడేవి.”

“మిరపకాయలా?”

“కాదు, రాగులే.”

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. తన డబ్బాను నాలుగడుగులు దూరం జరిపి పెట్టింది. ఇక ఊరికి చాటింపు వేయనక్కర్లేకపోయింది. వారం తిరగకముందే డబ్బా దించిన ప్రతి ఒక్కరూ అదే ప్రశ్న. “నీలం గీతవి ముందర ఆడలేదు కదమ్మా?” ఒకాయన ఏకంగా ఆ మూడు డబ్బాలూ ఏ ఏ ఇళ్లవో వేళ్ల మీద చెప్పాడు. డబ్బాను చూస్తే మనిషి తెలిసిపోయే ఊరు కదా మాది! నేను వాళ్ల మీద కేకలు వేశాను. “ఆడలేదు పోండి, పోయి మీ పని చూసుకోండి,” అన్నాను. తప్పు జనానిదే అనుకున్నాను. కుంచె పట్టిన చెయ్యి నాదని అప్పటికీ తట్టలేదు.

ఆమె భర్త నయమై ఇల్లు చేరాడు. వీధి రేకులు ఊడదీశారు. బస్సులు తిరగడం మొదలయ్యాక, రైళ్లు ఇంకా రాలేదని, ఆమె బస్టాండు పక్కన అంబలి కుండ పెట్టుకుంది. మా మిల్లుకు కూతవేటు దూరం. తీగ చెవుల డబ్బాను బోర్లించి దాని మీద కుండ. అంటే నీలం గీత సరిగ్గా వచ్చేపోయేవాళ్ల కళ్లకు ఎదురుగా. ఎప్పుడు తొంగిచూసినా ఆమె ఒక్కతే కనిపించేది. ఈగలు తోలుకుంటూ కూర్చునేది, పదింటికి కుండ ఎత్తుకుని పోయేది. ఆ అంబలి మర్నాటికి నిలవ ఉండేది కాదు, ఏం చేసేదో మరి.

ఒకరోజు డబ్బా తెచ్చి వరసలో పెట్టింది. గీతను ఇటుకముక్కతో గీకినట్టుంది. రంగు పూర్తిగా పోలేదు, రేకు మాత్రం తెల్లగా తేలి, మునుపటికన్నా ఎక్కువ కనిపిస్తోంది.

“ఇది నువ్వు పెట్టిందేనా అక్కా?” అంది. కోపంగా కాదు. పిండి బరకగా ఉందేమో అని అడిగే గొంతుతోనే.

అవునన్నాను. సుద్ద నిలవలేదని, మిరపకాయలకు పెట్టినట్టే పెట్టానని, ఆఖరుకు ఆడాలనే తప్ప మరేమీ లేదని, ఏదేదో చెప్పాను. చెబుతుంటే నా మాటలు నాకే చవకగా వినిపించాయి.

“ఊరికే అడిగినాను లేక్కా. నువ్వు ఆడియ్యకుంటే ఆ పద్నాలుగు దినాలూ ఏం తినుండేవాళ్లం,” అంది.

మా ఇంట్లోంచి కొత్త స్టీలు డబ్బా తెచ్చి ఇవ్వబోయాను. తల అడ్డంగా ఊపింది. “డబ్బా మారిస్తే ఏమొస్తాది? ఇంగ అందురికీ నా మొగమే తెలిసిపోయిండాది.”

ఆమె తిట్టి ఉంటే నాకు కొంచెం హాయిగా ఉండేది. నాలుగు రోజులు ఆ మాటే చెవుల్లో తిరిగింది. వచ్చిన వాళ్లకల్లా చెప్పి చూశాను, పోయి ఆమె దగ్గర అంబలి తాగండమ్మా, మనిషి శుభ్రంగా ఉంది, రోగం వచ్చింది కూడా ఆమెకు కాదు అని. “ఔను పాపం,” అనేవాళ్లు అందరూ. పాపం అన్నవాళ్లెవరూ బస్టాండు వైపు పోలేదు.

అప్పుడే వీధి వ్యాపారులకు మున్సిపాలిటీ సర్టిఫికెట్లు ఇవ్వడం మొదలైంది. అది ఉంటే బ్యాంకులో చిన్న లోను వస్తుంది, కూర్చున్న చోటు నుంచి ఎవరూ లేపరు. సర్వేకు వచ్చింది ఆ ఇన్‌స్పెక్టరే. సగానికి సగం చిక్కిపోయి ఉన్నాడు. వ్యాపారం జరుగుతున్నట్టు ఫొటో కావాలి, సరుకూ కనిపించాలి, కొనేవాళ్లూ కనిపించాలి. పూలమ్మే ఆమెకు దొరికారు, చెప్పులు కుట్టే అతనికి దొరికారు. అంబలి కుండ దగ్గర అరగంట ఎండలో నిలబడ్డాడు, ఒక్కరు రాలేదు. చివరికి మా మిల్లు మెట్ల దగ్గరికి వచ్చాడు.

“అమ్మా, ఒక నిమిషం వచ్చి నిలబడతారా? మీ ముఖం తెలియాల్సిన పని లేదు. ఎవరో ఒకరు గ్లాసు పట్టుకుని ఉంటే చాలు.”

పిండి చేతులు కొంగుకు తుడుచుకుంటూ దాదాపు పరిగెత్తాను. చేసిన తప్పును దిద్దుకోవడానికి ఇన్నాళ్లకు ఒక దారి దొరికింది అనుకున్నాను.

ఆ ఫొటోతోనే ఆమెకు సర్టిఫికెట్టు వచ్చింది. లోను వచ్చింది, నాలుగు చక్రాల బండి కొనుక్కుంది. మెల్లగా ముళబాగిలు, చిత్తూరు బస్సుల్లోంచి దిగేవాళ్లు తాగడం మొదలుపెట్టారు. వాళ్లకు డబ్బాలూ తెలియవు, గీతలూ తెలియవు. ఆ తర్వాత రైళ్లు వచ్చాయి, ఊళ్లోవాళ్లు కూడా ఎప్పుడు మరిచిపోయారో తెలియకుండానే మరిచిపోయారు. ఇవాళ ఆమె బండి దగ్గర పొద్దున పూట సందు ఉండదు. ఈ కథ ఎవరికైనా చెబితే ఇక్కడికే ఆపుతాను. మున్సిపాలిటీ మేలు చేసింది, నేనూ ఒక చెయ్యి వేశాను అంటాను. అందులో అబద్ధమేమీ లేదు. ఫొటో తీశాక జరిగింది మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఆమె స్టీలు గ్లాసు రెండుసార్లు కడిగింది. నేను చూస్తుండగానే, నాకు కనబడేలాగే కడిగింది. అంబలి అంచుదాకా పోసి, ఉల్లిపాయ ముక్కలు ఎప్పటికన్నా ఎక్కువ వేసి రెండు చేతులతో ఇచ్చింది. నేను గ్లాసు పట్టుకుని నిలబడ్డాను.

“మాస్కు ఉండనీ అమ్మా, ఫొటోకు అదే మంచిది,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. రెండు ఫొటోలు తీసుకుని, ఆమె చేత సంతకం పెట్టించుకుని, స్కూటరెక్కి వెళ్లిపోయాడు.

గ్లాసు నా చేతిలో ఉంది. ఇక మాస్కు దించి తాగడమే. ఆమె భర్త నయమై వచ్చి రెండు నెలలు దాటిందని నాకు తెలుసు. ఆమెకు రోగం రానే లేదని తెలుసు. ఆ రాగులు ఆడింది నేను, ఆ పిండి దుమ్మునే రోజూ పీల్చింది నేను. వచ్చేపోయే వాళ్లందరికీ తాగండమ్మా అని చెప్పింది నేను. అన్నీ తెలిసీ చెయ్యి మాస్కు దాకా పోలేదు. నాకు షుగరుంది కదా, వయసు మళ్లింది కదా అని ఒకటీ అరా సాకులు మనసులోకి వచ్చాయి. వాటిని నేనే నమ్మలేదు. నాకు భయం వేసింది, అంతే.

ఆమె నా ముఖంలోకి చూస్తూ ఎదురుచూసింది. తొందరపెట్టలేదు. ఎంతసేపో తెలియదు, ఒక బస్సు వచ్చి జనాన్ని దింపి పోయేంతసేపు. తర్వాత చెయ్యి చాచి గ్లాసు తనే తీసుకుంది.

“ఇయ్యమ్మే, తాగుతాను,” అన్నాను అప్పుడు. గ్లాసు చేయి దాటాక.

“వద్దులే అక్కా, చల్లారిపోయింది,” అంది.

అంబలి ఎప్పుడైనా చల్లగానే తాగుతాం. ఆమె అటు తిరిగి, తన మాస్కు దించుకుని, గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగింది.